సూర్యుడికి ఏడు రోజుల నోటీసు

గువ్వలమిట్ట సౌర పరిశోధనాలయంలో నేను పరిపాలనా విభాగం సూపరింటెండెంటును. పేరు ఓబులేసు. పరిపాలనా విభాగమంటే నేను, ఒక బీరువా, ఒక కంప్యూటరు. పరిశోధనా విభాగమంటే డాక్టర్ వకుళ, ఒక టెలిస్కోపు. ఈ రెండు విభాగాలకూ టీ, ఉగ్గాని అందించడానికి ఎల్లమ్మ క్యాంటీన్ ఉంది. కొండ మీద ఇంకెవరూ లేరు. పైనుంచి ఉత్తరాలు రావు, మేం రాయం. ప్రభుత్వం మమ్మల్ని మరిచిపోయిందని నాకు గట్టి నమ్మకం. ఒక ఆఫీసుకు అంతకన్నా మంచి రోజులుండవు.

ఆ రోజులు ఫిబ్రవరి ఒకటో తేదీన అయిపోయాయి.

జిల్లాకు ‘పెండింగ్ నిర్మూలన ప్రత్యేకాధికారి’ అని ఒక కొత్త పదవి సృష్టించారు. అందులోకి పరాంకుశరావు గారు వచ్చారు. వచ్చిన రోజే ‘పెండింగ్ రహిత పక్షం’ ప్రకటించారు. పదిహేనో తేదీ సాయంత్రం అయిదు గంటలకు జిల్లాలోని ఏ కార్యాలయంలోనూ పరిష్కారం కాని అంశం ఒక్కటి కూడా ఉండరాదని సర్క్యులర్. దానికి జతగా ఒక ఫారం. అందులో నాలుగు గళ్లు: అంశం, ఎప్పటి నుంచి పెండింగు, కారణం, బాధ్యులు.

నా బీరువాలో పెండింగ్ ఏమీ లేదు. ‘లేవు’ అని రాసి పంపేవాణ్నే. కానీ ఫారం కింద పరిశోధనా విభాగం సంతకం కూడా కావాలన్నారు. అక్కడే నా గ్రహచారం మొదలైంది.

డాక్టర్ వకుళ అబద్ధం ఆడదు. ఎనిమిదేళ్ల కిందట ఈ కొండకు వచ్చింది. మా టెలిస్కోపు మామూలుది కాదు. లోపల ఒక గుండ్రటి బిళ్ల సూర్యబింబాన్ని మూసేస్తుంది, గ్రహణంలో చంద్రుడు మూసినట్టు. అప్పుడు బింబం చుట్టూ ఉండే పలుచని వెలుగు మాత్రం కనిపిస్తుంది. ఆ వెలుగు పేరు కరోనా. ఎనిమిదేళ్లుగా ఆమె చూస్తున్నది ఆ అంచునే.

నేను ఫారం పట్టుకుని వెళ్లేసరికి ఆమె గుమ్మటం బయట నిలబడి టీ తాగుతోంది. ముఖం వెలిగిపోతోంది.

“ఓబులేసు గారూ, నిన్న, ఈరోజు తూర్పు అంచున ఏం కనిపించిందో చెప్పాలా?” అంది.

చెప్పొద్దన్నా చెబుతుందని తెలుసు. “చెప్పండి మేడం,” అన్నాను.

సూర్యుడి మీద అయస్కాంత క్షేత్రం కమానులుగా పైకి లేస్తుందట. రెండు కాళ్లూ కింద ఉపరితలంలో పాతుకుని ఉంటాయి, నడుం పైన కరోనాలో ఉంటుంది. ఒక్కో కమాను కింద మన భూమి లాంటివి ఏడెనిమిది ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. ఎక్కడైనా ఒక కుదుపు వస్తే ఆ కమానుల వెంట అలలు పరుగెడతాయి, కమాను మొత్తం ఊగుతుంది. ఎల్లమ్మ తువాళ్లు ఆరేసిన తీగ పక్కనే ఉంటే వకుళ దాన్ని వేలితో మీటి చూపించింది. తీగ వణికి, వణికి, ఆగింది.

“మామూలుగా ఇట్లా ఆగిపోవాల. కానీ నిన్న నేను చూసిన కమాను ఆగలేదు. చిన్నగా, ఒకే లెక్కన ఊగుతానే ఉంది. ఎవరో పక్కన కూర్చుని ఆపకుండా మీటుతున్నట్టు.”

“అయితే ఏమి మేడం?”

“సూర్యుడి ఉపరితలం ఆరువేల డిగ్రీలు. దానికి ఎంతో పైన ఉండే కరోనా పదిలక్షలకు పైన. ఆ వేడి పైకెట్లా పోతోందో ఎవరికీ తెలీదు. ఈ అలలే మోసుకుపోతున్నాయేమో! సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కదా, ఇంక ఈ కమాను బింబం ముందరికి తిరిగిపోతుంది, మా యంత్రానికి కనపడదు. పద్నాలుగో తేదీకి పడమటి అంచుకు వస్తుంది. అప్పుడు ఒకటి రెండు రోజులు చూడొచ్చు. ఆ తర్వాత వెనక్కి పోయిందంటే మళ్లీ ఇదే కమాను తిరిగొస్తుందని నమ్మకం లేదు.”

నేను ఫారం ఇచ్చాను. పరిష్కారం కాని అంశాలేమైనా ఉన్నాయా అని అడిగాను. ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

అంశం: ఉపరితలం కన్నా కరోనా ఎక్కువ వేడిగా ఉండుట. ఎప్పటి నుంచి: ఎనభై ఏళ్లకు పైగా. కారణం: తెలియదు.

“బాధ్యులు అనే గడి ఒకటి ఉంది మేడం,” అన్నాను.

ఆమె నవ్వింది. “సూర్యుడు అని రాసుకోండి.”

రాశాను. అధికారి చెప్పింది చెప్పినట్టు రాయడం నాకు ఇరవయ్యారేళ్ల అలవాటు. పోర్టల్లో ఎక్కించి, ఫిర్యాదుదారు ఫోను నంబరు అడిగితే ఆఫీసు మొబైల్ నంబరు ఇచ్చాను. ఆ మొబైల్ నా జేబులో ఉంటుంది.

మరునాడు పొద్దున ఫోను మోగింది.

“గువ్వలమిట్ట కార్యాలయమేనా? నేను ప్రత్యేకాధికారిని. సదరు జిల్లాలో అత్యంత ప్రాచీనమైన పెండింగు అంశం తమ వద్దే ఉన్నట్లు నా దృష్టికి వచ్చినది. ఎనభై సంవత్సరములు! తమకు సిగ్గుగా లేదూ?”

“ఉంది సార్,” అన్నాను. అలా అడిగినప్పుడు అలాగే చెప్పాలి.

“అదియును గాక, కరోనా విషయం ప్రభుత్వం ఎప్పుడో ముగించినది కదా?”

“ఆ కరోనా వేరు సార్. ఇది సూర్యుడిది.”

“సూర్యుడికి కూడా సోకినదా?” అని అడిగారు. నేను వివరించబోయాను. “అదంతా క్షేత్రస్థాయి తనిఖీలో తేలును,” అని పెట్టేశారు.

మూడో తేదీన ఆయనే వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని మనిషి. చేతికి పెద్ద గడియారం. ఎక్కడ నిలబడ్డా దాన్ని చూసుకుంటారు. కొండ ఎక్కడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టిందని, అందులో నాలుగు నిమిషాలు గొర్రెల మంద వల్ల అని రాగానే చెప్పారు. కూడా నోటీసులు అంటించే దాదాఖలందర్ వచ్చాడు. కింద ఊరివాడే, మాకు తెలిసినవాడే. చంకలో జిగురు డబ్బా, చేతిలో సంచి.

పరాంకుశరావు గారు వకుళ గది అంతా చూశారు. “పొయ్యి నుంచి దూరం జరిగేకొద్దీ వేడి తగ్గవలెనా, పెరగవలెనా?” అని అడిగారు.

“తగ్గాల సార్.”

“మరి ఇక్కడ పెరుగుచున్నది.”

“అవును సార్. అదే సమస్య.”

“ఈ అవకతవకను తమరు ఎనిమిదేళ్లుగా చూచుచూ ఊరకున్నారు.”

“చూడటమే నా ఉద్యోగం సార్,” అంది వకుళ.

ఆయన కళ్లు మూసుకుని నుదురు రుద్దుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. “అంశం తమ కార్యాలయ పరిధిలోనిదే. బాధ్యుల పేరు స్పష్టంగా నమోదైనది. కానీ ఎనభై ఏళ్లలో ఒక్కసారైనా సదరు బాధ్యునికి నోటీసు ఇచ్చి సంజాయిషీ కోరినారా?”

లేదని ఒప్పుకోక తప్పలేదు.

“చూచితిరా! లోపమెక్కడున్నదో ఇప్పుడు తెలిసినది. ప్రతివాదిని వినకుండా పరిష్కారమెట్లు వచ్చును?”

వకుళ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. ఆయన అక్కడే కూర్చుని చెప్పగా నేను టైపు చేశాను.

“శ్రీ సూర్యుడు, ఆకాశము, అను తమకు తెలియజేయునది ఏమనగా: తమ ఉపరితలమున ఆరువేల డిగ్రీలు మాత్రమే ఉంచుకొని, తమ కరోనా యందు పదిలక్షల డిగ్రీలకు మించి వేడిని అనుమతి లేకుండా కలిగియున్నట్లు తెలియవచ్చినది. తమ కమానుల వెంట అలలను పంపి సదరు వేడిని తరలించుచున్నారని కూడా అనుమానము కలదు. ఈ నోటీసు అందిన ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వని యెడల తమకు చెప్పుకొనుటకు ఏమీ లేదని భావించి ఏకపక్షముగా నిర్ణయము తీసుకొనబడును.”

ముగియని అంశాలన్నీ పోర్టల్లో ఎర్ర విభాగం కనుక నోటీసు ఎర్రటి అక్షరాల్లోనే ఉండాలన్నారు. మా ప్రింటరులో ఎర్రసిరా అప్పటికే సగం అయిపోయి ఉంది. లేత ఎరుపులో వచ్చింది. సంతకం చేశారు.

అయిదో తేదీ పొద్దున నోటీసు అందజేసే కార్యక్రమం జరిగింది. ప్రతివాది నివాసంలో ఉన్నప్పుడే ఇవ్వాలని నియమం గనక దాదాఖలందర్ తెల్లవారకముందే మోపెడ్ మీద వచ్చేశాడు. సాక్షులుగా నేను, ఎల్లమ్మ. తూర్పున కొండల మీద ఎరుపు తేలింది. తర్వాత అంచు కనిపించింది.

దాదాఖలందర్ కాయితం పైకెత్తి పట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆపి, “సూపర్నెంట్ సార్, కండ్లు బైర్లు కమ్ముతాండాయి. ఆయప్ప దిక్కు చూసి చదవాల్నా, కాయితం చూసి చదవాల్నా?” అన్నాడు.

“కాయితం చూసే చదువప్పా.”

చదివేశాడు. తర్వాత సంతకం గడి వచ్చింది. నోటీసు తీసుకున్నట్టు ప్రతివాది సంతకమో, వేలిముద్రో కావాలి. దాదాఖలందర్ కాసేపు కాయితాన్ని సూర్యుడి వైపు చాపి పట్టుకున్నాడు.

“తీసుకోలేదు సార్,” అన్నాడు చివరికి.

“నువ్వేం అడిగితివి, ఆయప్పేం చెప్పె?” అంది ఎల్లమ్మ. “ముప్పై ఏండ్లుగా వడియాలు ఎండబెడతాండా. ఒక్కనాడు కూడా సంతకం అడగల్యా.”

“అట్ల మాట్లాడకాకు ఎల్లమ్మక్కా, పంచనామాలో రాసుకోవాల,” అన్నాడు దాదాఖలందర్. నిజంగానే రాసుకున్నాడు. ‘ప్రతివాది నోటీసు తీసుకొనుటకు నిరాకరించి పైకి వెళ్లిపోయినారు.’ ఆ సందర్భంలో నోటీసును ప్రతివాది తరచుగా వచ్చే చోట అంటించాలని నియమం. గుమ్మటం దక్షిణపు గోడకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడుతుంది. అక్కడ అంటించాడు. ఎల్లమ్మ వేలిముద్ర వేసింది, నేను సంతకం చేశాను.

ఆ ఏడు రోజులూ వకుళ పద్నాలుగో తేదీ కోసం యంత్రాన్ని సిద్ధం చేసుకుంది. అద్దం మీద ఒక్క దుమ్ము రేణువున్నా కరోనా కనిపించదట. మెత్తటి బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి, రోజుకు రెండుసార్లు తుడిచేది. ఈ నోటీసు వ్యవహారం గురించి ఎత్తితే, “వాళ్ల పని వాళ్లు చేసుకోనీలెండి. నా దారికి అడ్డం రాకపోతే చాలు,” అనేది.

పన్నెండో తేదీన గడువు అయిపోయింది. పరాంకుశరావు గారు సంజాయిషీ వచ్చిందో లేదో చూడటానికి స్వయంగా వచ్చారు. గుమ్మటం గోడ దగ్గరికి వెళ్లి ఆగిపోయారు. నేనూ చూశాను. కాయితం ఉంది. అక్షరాలు లేవు. ఏడు రోజుల ఎండకు ఆ లేత ఎరుపు పూర్తిగా ఎగిరిపోయింది. ఆయన సంతకం మాత్రం నల్లసిరాతో కాబట్టి మిగిలింది.

“ఎండకు పోయింది సార్,” అన్నాను.

“ఎవరి ఎండకు?”

నేను తలెత్తి పైకి చూశాను.

“ప్రతివాది ఆరోపణలన్నిటినీ స్వహస్తములతో తుడిచివేసినారు,” అన్నారాయన నెమ్మదిగా. గొంతులో గౌరవం కూడా ఉంది. “సంతకమును మాత్రము ముట్టలేదు. అనగా కార్యాలయము యొక్క అధికారమును అంగీకరించినారు, అభియోగములను నిరాకరించినారు. ఇంతకన్నా స్పష్టమైన సంజాయిషీ నా సర్వీసులో చూడలేదు.”

ఆ కాయితాన్ని జాగ్రత్తగా ఊడదీయించి ఫైల్లో పెట్టించారు. సాయంత్రానికి పోర్టల్లో మా అంశం ఎరుపు నుంచి పచ్చకు మారింది. వ్యాఖ్య గడిలో ఇలా ఉంది: ‘ప్రతివాది సంజాయిషీ సంతృప్తికరముగా ఉన్నది. కరోనా వేడి ఉండవలసినంతే ఉన్నట్లు భావించి అంశము ముగించడమైనది.’

ఎనభై ఏళ్ల సమస్యను పన్నెండు రోజుల్లో పరిష్కరించిన జిల్లా అని మరునాడు పట్టణమంతా బ్యానర్లు కట్టారు. ప్రత్యేకాధికారికి శాలువా కప్పారు. బ్యానరు మీద సూర్యుడి బొమ్మ కూడా వేశారు, నవ్వుతున్నట్టు.

నేను సంతోషించాను. దాచుకోవలసిన పని లేదు. మా ఫారం కూడా ‘లేవు’ అయింది. కానీ పదమూడో తేదీ మధ్యాహ్నం దాదాఖలందర్ మళ్లీ వచ్చాడు. ఈసారి సంచిలో జిగురు డబ్బాకు బదులు లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర ఉన్నాయి.

ఉత్తర్వు చదివాను. ‘ముగిసిన అంశముపై పరిశోధన కొనసాగించుట ప్రభుత్వ యంత్రమును దుర్వినియోగపరచుటయే. కావున సదరు టెలిస్కోపు ఉన్న గుమ్మటమునకు సీలు వేయవలెను.’

వకుళ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేదు. “రేపు వస్తుంది ఓబులేసు గారూ,” అంది. “రేపు పడమటి అంచుకు వస్తుంది.”

“తెలుసు మేడం.”

దాదాఖలందర్ తల వంచుకుని లక్క కరిగించాడు. తలుపు సందు మీద మూడు బొట్లు పోసి ముద్ర గుద్దాడు. “తప్పుగా అనుకోవద్దు మేడం,” అన్నాడు. ఆమె ఆఫీసులోకి వెళ్లి కారు తాళాలు తెచ్చింది. నేనూ వెంట వెళ్లాను.

పట్టణంలో పరాంకుశరావు గారి మెడలో ఇంకా శాలువా ఉంది. మర్యాదగానే కూర్చోబెట్టారు.

“సార్, ఆ కమాను మళ్లీ దొరకదు,” అంది వకుళ. “నాకు రెండు రోజులు చాలు.”

“అంశము ముగిసినది కదమ్మా.”

“ముగియలేదు సార్. అక్కడ ఇంకా వేడిగానే ఉంది.”

“ఉండవచ్చును. ఉండవలసినంతే ఉన్నది. చదువలేదా?”

“ఎందుకుందో తెలీదు కదా?”

“తెలియవలెనని ఫారములో ఏ గడిలోనూ లేదు,” అన్నారాయన. కోపంగా కాదు, పాఠం చెబుతున్నట్టు. “ముగిసిన దానిని తిరిగి తెరిపించు అధికారం నాకు కూడా లేదు. ఫిర్యాదుదారు అసంతృప్తి వ్యక్తము చేసినచో మాత్రమే తెరుచుకొనును.”

“ఫిర్యాదుదారు నేనే కదా! అసంతృప్తిగా ఉన్నాను.”

“తమరు నివేదించిన అధికారి మాత్రమే. ఫిర్యాదుదారు ఎవరన్నది పోర్టల్‌కు తెలియును.”

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఘాట్ రోడ్డు మలుపులో కారు ఆపింది. దిగి పడమటి వైపు చూస్తూ నిలబడింది. పొద్దు వాలుతోంది. “మా అమ్మకు ఏటా చెబుతాను, ఈసారి సెలవులో వస్తానని,” అంది. “పోలేదు. ఏ రోజు ఏం కనిపిస్తుందో అని. ఎనిమిదేళ్లకు కనిపించింది. ఇప్పుడేమో తలుపుకు లక్క!” ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పేవాణ్ని. ఏడవలేదు కాబట్టి నాకేమీ తోచలేదు.

పద్నాలుగో తేదీ పొద్దున తొమ్మిదింటికి నేను క్యాంటీన్లో ఉగ్గాని తింటున్నాను. ఆకాశం కడిగిన పలకలా ఉంది. వకుళ ఎదురు బల్ల దగ్గర టీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంది. నా జేబులో ఆఫీసు మొబైల్ మోగింది.

అవతల రికార్డు చేసిన ఆడగొంతు. “నమస్కారం. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మీరు సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి. చెందనట్లయితే రెండు నొక్కండి.”

అప్పుడు గుర్తొచ్చింది, ఫిర్యాదుదారు నేనేనని.

ఇరవయ్యారేళ్ల సర్వీసులో నేను ఎప్పుడూ రెండు నొక్కలేదు. ప్రభుత్వం అడిగిన ప్రతిసారీ సంతృప్తి చెందాను. బదిలీ చేసినప్పుడు చెందాను, పదోన్నతి ఆపినప్పుడు చెందాను. రెండు నొక్కిన ఫిర్యాదుదారు ప్రభుత్వోద్యోగి అయితే అతని మీద శాఖాపరమైన విచారణ జరుగుతుందని అదే సర్క్యులర్లో పదకొండో పేరాలో ఉంది. నాకింకా ఏడు నెలల సర్వీసుంది.

“ఎవరు?” అంది వకుళ.

“ఎవరూ కాదు మేడం. మిషను.”

గొంతు మళ్లీ అడిగింది. ఒకటి, లేదా రెండు. మూడోసారి అడిగి పెట్టేస్తుందని నాకు తెలుసు. ఏమీ నొక్కకపోతే సంతృప్తి చెందినట్టే లెక్క. ఎదురుగా ఎల్లమ్మ గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. నా వేలు ఒకటి మీదే ఉంది. అది అలవాటుగా అక్కడికే పోతుంది. దాన్ని పక్కకు జరపడానికి నాకు చాలా బలం కావలసి వచ్చింది.

రెండు నొక్కాను.

“మీ అసంతృప్తి నమోదు చేయబడింది. ధన్యవాదాలు,” అంది గొంతు. ఏ మాత్రం నొచ్చుకోలేదు.

మిగతాదంతా పోర్టల్ తనంతట తానే చేసింది. మనుషులు చేసి ఉంటే నెల పట్టేది. మా అంశం పచ్చ నుంచి ఎరుపుకు మారింది. తిరిగి తెరుచుకున్న అంశం విషయంలో మునుపటి స్థితిని వెంటనే పునరుద్ధరించాలని ఉత్తర్వు తయారైంది. పది గంటలకు దాదాఖలందర్ మోపెడ్ కొండ ఎక్కింది. “సీలు తీయమని ఫోన్లో వచ్చింది సార్. నిన్ననేగా ఏసింది!” అంటూ చాకుతో లక్క గీకాడు. తలుపు ఇంత సందు కాగానే వకుళ లోపలికి దూరింది.

నేనేం చేశానో ఆమెకు చెప్పలేదు. ఎల్లమ్మ చెప్పేసింది. పదకొండింటికి ఆమె బయటికి వచ్చి, ఏదో అనబోయి, “ఊగుతోంది,” అని మాత్రం అని మళ్లీ లోపలికి వెళ్లింది.

తిరిగి తెరిచిన అంశాన్ని ప్రత్యేకాధికారి ఇరవై నాలుగు గంటల్లో స్వయంగా మూయాలని నియమం. మధ్యాహ్నం రెండింటికి జీపు వచ్చింది. పరాంకుశరావు గారి మెడలో శాలువా లేదు. జిల్లాలో ఎర్రగా మిగిలింది మా ఒక్కటే.

“తమరేనా రెండు నొక్కినది?” అన్నారు.

“నేనే సార్.”

“దేని విషయమై అసంతృప్తి?”

నిజంగా ఆలోచించాను. “ఆ తీగ ఎందుకు ఆగడం లేదో నాకూ తెలుసుకోవాలని ఉంది సార్,” అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. “విచారణలో ఇదే చెప్పవలెను,” అని, దాదాఖలందర్‌ను లక్క కరిగించమని చెప్పి గుమ్మటంలోకి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను.

లోపల వకుళ తెర ముందు వంగి ఉంది. తెర మీద నల్లటి బింబం, దాని పడమటి అంచున పచ్చటి వెలుగులో కమానులు. పక్కన ఒక గీత కుడివైపుకు సాగిపోతోంది.

“అమ్మా, సదరు యంత్రమును...”

“ఒక్క నిమిషం సార్,” అంది ఆమె తల తిప్పకుండా. “పక్కనే పెద్ద విస్ఫోటనం జరిగింది. చూడండి.”

ఆయన్ను ఒక్క నిమిషం ఆగమని ఎవరూ అని ఉండరు. నోరు తెరిచి, గడియారం చూసుకుని, తెర చూశారు. గీత పెద్ద పెద్ద మెలికలు తిరుగుతోంది. కమాను మొత్తం అటూ ఇటూ ఊగుతోందని, ఆ కుదుపే ఇదని వకుళ చెప్పింది. మెలికలు క్రమంగా చిన్నవయ్యాయి. పావుగంటకు దాదాపు సర్దుకున్నాయి.

“ఆగినది,” అన్నారు పరాంకుశరావు గారు తృప్తిగా.

“ఆగలేదు సార్. బాగా చూడండి.”

ఆయన ముందుకు వంగారు. పెద్ద ఊపు పోయింది గానీ గీత చదును కాలేదు. సన్నటి వణుకు. పైకి, కిందికి, పైకి. ఆయన చేయి దానంతట అదే గడియారం మీదికి పోయింది.

“ఊపుకూ ఊపుకూ మధ్య నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు,” అన్నారు కాసేపటికి. మళ్లీ చూశారు. “నాలుగు ఇరవై.” ఇంకోసారి చూశారు. “నాలుగు ఇరవై రెండు. లేదు, నేనే ఆలస్యంగా చూశాను. నాలుగు ఇరవయ్యే.”

వకుళ ఆయన వైపు తిరిగింది. “సార్, మీరు లెక్కపెడతారా? నేను అద్దం చూసుకోవాల. రెండూ నా ఒక్కదాని వల్ల కావడం లేదు.”

ఆయన నేను వేసిన కుర్చీలో కూర్చుని, జేబులోంచి కలం తీసి, చేతిలో ఉన్న కాయితం వెనక రాయడం మొదలుపెట్టారు. అది గుమ్మటానికి మళ్లీ సీలు వేయాలన్న ఉత్తర్వు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. గీత వణుకుతూనే ఉంది. ఆయన ఫోను రెండుసార్లు మోగింది, రెండుసార్లూ చూడకుండానే నొక్కేశారు.

“ఆగాలి కదమ్మా?” అన్నారు హఠాత్తుగా. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. అందులో ‘సదరు’ లేదు. “ఏ ఊపైనా కాసేపటికి ఆగుతుంది. దీన్నెవరూపుతున్నారు?”

“తెలీదండీ,” అంది వకుళ. “కాళ్ల దగ్గర కింద ఉపరితలం ఉడుకుతూ ఉంటుంది కదా, అదేమో. ఇంకేదైనా కూడా కావచ్చు.”

“ఎవరికీ తెలీదా?”

“ఎవరికీ తెలీదు సార్.”

“ఎనభై ఏళ్లుగానా!” అన్నారాయన. మొదటిరోజు ఫోన్లో అన్న మాటే. ఈసారి మాత్రం ఎవరినీ తిట్టలేదు.

బయటి నుంచి దాదాఖలందర్ పిలిచాడు. వెళ్లి చూస్తే రెండో కొవ్వొత్తి కూడా సగం అయిపోయింది, లక్క చుక్కలు చుక్కలుగా గడప మీద కారుతోంది. “సార్, సేతులు కాలుతాండాయి. సీలు ఎయ్యాల్నా వద్దా? అడిగి చెప్పండి.”

నేను లోపలికి వచ్చి పరాంకుశరావు గారి పక్కన వంగి నెమ్మదిగా అడిగాను. “సార్, సీలు విషయం...”

ఆయన చూపు తెర మీది నుంచి కదల్లేదు. ఎడమచేయి పైకెత్తి నన్ను ఆగమన్నారు. గీత పైకి లేచింది, దిగింది. కాయితం మీద ఒక అంకె వేసుకున్నారు.

“పెండింగ్‌లో పెట్టవయ్యా,” అన్నారు.